ఓల్డ్ సారమ్: ఒక గడ్డి దిబ్బ, 11 ఓట్లు, మన కృష్ణ ఒడ్డు వజ్రం (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ఈరోజు ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడుతున్నా.

మీలో కొంతమందికి గుర్తుండే ఉంటుంది, గోల్కొండ వజ్రాల మీద మన ఛానల్లో ఒక షార్ట్ పెట్టాను. కొల్లూరు గనిలో పనిచేసే ఒక బానిస కాలు కోసుకుని ఆ గాయంలో వజ్రం దాచుకుని పారిపోయాడు, ఓడ కెప్టెన్ అతన్ని చంపి సముద్రంలో పడేసి వజ్రం లాక్కున్నాడు, అది పిట్ అనే ఇంగ్లిష్ గవర్నర్ చేతికి వచ్చింది, ఆ డబ్బుతో ఆయన ఇంగ్లండ్‌లో ఏకంగా ఒక నియోజకవర్గమే కొనేశాడు అని. యాభై సెకన్ల వీడియో, వెనకాల డ్రమ్స్. బాగా ఆడింది. దాని కింద ఒక వ్యూయర్ మర్యాదగా ఒక కామెంట్ పెట్టారు: "అన్నా, నియోజకవర్గం కొన్నది ఏ సంవత్సరం, వజ్రం కొన్నది ఏ సంవత్సరం, ఒక్కసారి చూసుకో."

చూసుకున్నా. నియోజకవర్గం 1691. వజ్రం 1702. పదకొండేళ్లు తేడా, అదీ రివర్స్‌లో. ఇంకొంచెం తవ్వితే, ఆ కాలు కోసుకున్న కథకి కూడా ఆధారం ఏమీ లేదని తేలింది. అంటే యాభై సెకన్లలో రెండు తప్పులు చెప్పాను. కోడ్‌లో ఇలాంటి బగ్ వస్తే రాత్రికి రాత్రి ప్యాచ్ వేసేవాణ్ణి, వీడియోకి ఆ సౌకర్యం లేదు. అందుకే ఈసారి ఆ నియోజకవర్గం దగ్గరికే వెళ్లి, కూర్చుని, నిదానంగా చెప్తున్నా. ఇది పూర్తి ఎపిసోడ్, షార్ట్ కాదు. ఓపిగ్గా వినండి.

(గాలి శబ్దం) మైక్‌లో ఆ హోరు వినిపిస్తుంది కదా, దాన్ని ఎడిటింగ్‌లో తీసేయలేదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు నేనున్నది ఓల్డ్ సారమ్. దక్షిణ ఇంగ్లండ్, విల్ట్‌షైర్ కౌంటీ. సాల్స్‌బరీ ఊరికి ఉత్తరాన సుమారు మూడు కిలోమీటర్లు. యూకేకి చదువుకోవడానికి వచ్చిన మనవాళ్లు వీకెండ్‌లో స్టోన్‌హెంజ్ చూడ్డానికి ఈ సాల్స్‌బరీ మీదుగానే వెళ్తారు. స్టేషన్ దగ్గర టూర్ బస్సు ఎక్కుతారు, రాళ్ల ముందు సెల్ఫీ, బర్గర్, రిటర్న్. ఆ బస్సు కిటికీలోంచి ఒక పెద్ద పచ్చటి దిబ్బ కనిపిస్తుంది. బోర్లించిన పళ్లెం మీద ఇంకో చిన్న గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. తొంభై శాతం మంది దిగరు. నేను కూడా మొదటిసారి దిగలేదు.

సరే, ఈ దిబ్బ ఏంటో చెప్తా. బయట గుండ్రంగా ఉన్న పెద్ద మట్టికట్ట, దాని చుట్టూ లోతైన కందకం, ఇవి ఇనుప యుగం నాటివి. క్రీస్తు పూర్వం 400 ప్రాంతం. జేసీబీ లేదు, పార, గడ్డపార లాంటి వాటితో మనుషులు తవ్విన కందకం. తర్వాత రోమన్లు వచ్చారు, దీని పేరు సోర్వియోడునమ్ అన్నారు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక విలియం ది కాంకరర్ ఈ పాత కోట మధ్యలో ఇంకో గుండ్రటి దిబ్బ పోయించి దాని మీద కోట కట్టించాడు. ఇందాక చెప్పిన పళ్లెం మీద గిన్నె అదే. 1086లో రాజ్యంలోని భూస్వాములందర్నీ ఇక్కడికి పిలిపించి తనకే విధేయులుగా ఉంటామని ప్రమాణం చేయించుకున్నాడు. దాన్ని సారమ్ ప్రమాణం అంటారు. అదే సంవత్సరం దేశం మొత్తం మీద ఎవరికి ఎంత భూమి, ఎన్ని ఎడ్లు, ఎన్ని మరలు అని డోమ్స్‌డే సర్వే చేయించాడు. ఒక పక్క డేటాబేస్, ఇంకో పక్క అందరి చేతా లాగిన్. పని తెలిసినవాడు.

కోట పక్కనే, కట్ట లోపలే, కేథడ్రల్ కట్టారు. 1092లో ప్రతిష్ఠ జరిగింది. సరిగ్గా ఐదు రోజులకి తుఫాను వచ్చి దాని పైభాగం దెబ్బతింది. ఐదు రోజులండీ. మళ్లీ కట్టారు, పెద్దది చేశారు. అయినా పాదరీలకి ఇక్కడ బతుకు నరకంగా ఉండేది. నీళ్లకి కటకట, కోటలో సైనికులతో రోజూ గొడవ, అన్నిటికంటే ముఖ్యంగా ఈ గాలి. చర్చిలో పాడుతుంటే ఒకరి పాట ఒకరికి వినపడట్లేదని ఫిర్యాదు చేశారట. ఇప్పుడు మైక్‌లో మీకు వినిపిస్తున్నది అదే కంప్లైంట్, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఓపెన్‌గానే ఉంది.

చివరికి వాళ్లు చేసిన పని నాకు చాలా నచ్చింది. రిపేర్లు మానేసి, కింద నది పక్కన పచ్చిక బయల్లో కొత్తగా కట్టుకున్నారు. 1220లో పునాది, 1258లో ప్రతిష్ఠ. ముప్పై ఎనిమిదేళ్లలో ప్రధాన భాగం అంతా ఒకే శైలిలో లేచింది, ఆ కాలానికి అది రికార్డు స్పీడు. అదే ఇప్పటి సాల్స్‌బరీ కేథడ్రల్. శిఖరం తర్వాత కట్టారు, 123 మీటర్లు, మొత్తం యూకేలో అంత ఎత్తు చర్చి శిఖరం ఇంకోటి లేదు. నేను నిలబడ్డ చోటు నుంచి అది సూదిలా కనిపిస్తోంది, వీడియోలో కెమెరా తిప్పి చూపించా. ఊరు కూడా నెమ్మదిగా చర్చి వెనకాలే కిందకి దిగిపోయింది. పాత కేథడ్రల్ రాళ్లు కూడా పీకి కిందకి మోసుకుపోయారు. ఇప్పుడు ఇక్కడ మిగిలింది గడ్డిలో దాని పునాది గీతలు. ఇల్లు కట్టే ముందు మనవాళ్లు సున్నంతో ముగ్గు పోస్తారు చూడండి, అలా ఉంటుంది, కాకపోతే ఇక్కడ ఇల్లు అయిపోయాక మిగిలిన ముగ్గు.

ఇంకో చిన్న విషయం, నా లాంటి వాళ్లకి నచ్చుతుంది. సారమ్ అనే పేరు అసలు పేరే కాదంటారు. లాటిన్ పత్రాల్లో సాల్స్‌బరీ పేరుని పూర్తిగా రాయడం బద్ధకమై రాయసగాళ్లు మొదటి అక్షరాలు రాసి పక్కన ఒక గీత కొట్టేవాళ్లు. తర్వాత ఎవరో ఆ షార్ట్‌కట్‌ని పేరు అనుకుని చదివేశారు. అంటే ఒక వేరియబుల్ నేమ్ ప్రొడక్షన్‌లోకి వెళ్లి ఏడు వందల ఏళ్లు అలాగే ఉండిపోయింది.

ఇక అసలు కథ. ఊరు ఖాళీ అయింది. కోట కూలింది. కానీ పార్లమెంటుకి ఇద్దరు ఎంపీలని పంపే హక్కు మాత్రం ఈ దిబ్బకి అలాగే మిగిలిపోయింది. మధ్యయుగంలో ఇచ్చిన హక్కు, ఎవరూ రద్దు చేయలేదు. ఊరు లేదు, సీట్లు ఉన్నాయి, ఒకటి కాదు రెండు.

మరి ఓటు ఎవరిది? ఇక్కడ ఓటు మనిషికి కాదు, స్థలానికి. కొన్ని గుర్తించిన స్థలాలు ఉంటాయి, వాటిని బర్గేజ్ ప్లాట్లు అంటారు. ఆ ప్లాటు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకి ఓటు. ప్లాటు మీద ఇల్లు ఉండక్కర్లేదు, దున్నిన చేను అయినా చాలు. కాబట్టి ఆ స్థలాలన్నీ ఒకే పెద్దమనిషి కొనుక్కుంటే, ఎన్నికల ముందు తన మనుషుల పేర్ల మీద రాసి, వాళ్లని తీసుకొచ్చి ఓటు వేయించి, తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. పోలింగ్ కింద పొలంలో ఒక ఎల్మ్ చెట్టు నీడలో జరిగేది. 1831లో ఓటర్ల సంఖ్య 11. మన దగ్గర అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌కి కూడా అంతకంటే ఎక్కువ మంది వస్తారు. అదే సమయంలో మిల్లులతో కిటకిటలాడుతున్న మాంచెస్టర్‌కి సొంతంగా ఒక్క ఎంపీ కూడా లేడు. ఇలాంటి వాటినే రాటెన్ బరో అన్నారు, కుళ్లిన నియోజకవర్గం. వాటిలో ఓల్డ్ సారమ్ మచ్చుతునక. 1832 సంస్కరణ చట్టంతో దీన్ని తీసేశారు.

ఇప్పుడు నా మొదటి తప్పు దగ్గరికి వద్దాం. ఈ ఓల్డ్ సారమ్‌ని 1691లో కొన్నది థామస్ పిట్. పుట్టింది 1653లో, పక్క కౌంటీ డోర్సెట్‌లో. తండ్రి చర్చిలో పాదరీ. కుర్రాడు సముద్రం మీద పడి ఇండియాకి వచ్చాడు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ నుంచి ఇండియాతో వ్యాపారం చేసే హక్కు ఒక్క ఈస్టిండియా కంపెనీదే. పిట్ ఆ గుత్తాధిపత్యాన్ని లెక్కచేయకుండా సొంతంగా దొంగచాటు వ్యాపారం చేశాడు. అలాంటి వాళ్లని ఇంటర్‌లోపర్ అనేవాళ్లు. కంపెనీ కేసు వేసింది, 1000 పౌండ్ల జరిమానా పడింది, అది తర్వాత 400కి తగ్గింది. ఆయన సంపాదనతో పోలిస్తే అది పార్కింగ్ ఫైన్ లాంటిది. ఆ డబ్బుతోనే ఇంగ్లండ్‌లో భూములు కొన్నాడు, ఓల్డ్ సారమ్ కొన్నాడు, పార్లమెంటులో కూర్చున్నాడు. ఇక లాభం లేదని కంపెనీ ఏం చేసిందో తెలుసా? ఆయన్నే ఉద్యోగంలోకి తీసుకుని 1698లో మద్రాసు గవర్నర్‌గా పంపింది. సిస్టమ్‌ని హ్యాక్ చేసినవాణ్ణే సెక్యూరిటీ హెడ్‌గా పెట్టుకున్నట్టు.

కాబట్టి క్రమం ఇదీ: ముందు దొంగచాటు వ్యాపారం, తర్వాత ఓల్డ్ సారమ్, తర్వాత గవర్నర్ పదవి, ఆ తర్వాత వజ్రం. నేను షార్ట్‌లో తిప్పి చెప్పాను. "వజ్రంతో సీటు కొన్నాడు" అంటే వినడానికి బాగుంటుంది కదా, అందుకు.

వజ్రం సంగతి. 1701 డిసెంబర్‌లో జామ్‌చంద్ అనే వజ్రాల వ్యాపారి మద్రాసులో పిట్ దగ్గరికి ఒక రాయి తెచ్చాడు. పచ్చి రాయి, 410 క్యారెట్లు. కృష్ణా తీరపు గనుల్లో దొరికింది. ఎక్కువ మంది చెప్పేది కొల్లూరు గని, పరిటాల అనేవాళ్లు కూడా ఉన్నారు. అవును, హైవే మీద పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం ఉన్న ఆ పరిటాలే. జామ్‌చంద్ అడిగింది 2,00,000 పగోడాలు. పగోడా అంటే వేరే ఏదో కాదు, మన వరహానే, ఇంగ్లిష్‌వాళ్లు అలా పిలిచారు. పిట్ నెలల తరబడి బేరమాడి 48,000 వరహాలకి దించాడు. ఆనాటి లెక్కలో 20,400 పౌండ్లు.

దాన్ని కొడుకు రాబర్ట్‌కిచ్చి 1702లో ఓడలో లండన్ పంపించాడు. అక్కడ సానబట్టడానికే రెండేళ్లు పట్టింది. 410 క్యారెట్ల రాయి 140 చిల్లర క్యారెట్లు అయింది, మిగిలింది ముక్కలు, పొడి. ఆ తర్వాత కొనేవాడు దొరకలేదు. అంత పెద్ద రాయి రాజులు తప్ప ఎవరు కొంటారు? చివరికి 1717లో ఫ్రాన్స్ పసిరాజు పదిహేనో లూయీ తరఫున రాజ్యం చూస్తున్న ఓర్లియాన్స్ డ్యూక్ 1,35,000 పౌండ్లకి కొన్నాడు. పెట్టినదానికి ఆరున్నర రెట్లు. అందుకే దానికి రీజెంట్ వజ్రం అని పేరు, ఈయనకి డైమండ్ పిట్ అని పేరు. అది ఫ్రెంచ్ రాజుల కిరీటంలో, తర్వాత నెపోలియన్ కత్తి పిడిలో ఉండి, ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియం సేకరణలో ఉంది. 2025 అక్టోబర్‌లో లూవ్ర్‌లో పట్టపగలు నగల దొంగతనం జరిగింది కదా, అప్పుడు ఆ గదిలోనే ఉంది ఇది. దొంగలు దీన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఇక రెండో తప్పు, ఆ కాలు కథ. పిట్ బతికుండగానే ఆయన మీద పుకార్లు నడిచాయి, రాయి సరిగ్గా వచ్చింది కాదని. ఎంతగా అంటే, 1710లో ఇంగ్లండ్‌కి తిరిగొస్తూ నార్వేలో బెర్గెన్ అనే రేవులో ఆగినప్పుడు, ఆ రాయి తాను ఎలా కొన్నాడో దేవుడి సాక్షిగా అని ఒక వాంగ్మూలం రాసి పెట్టుకున్నాడు. ఇందాక నేను చెప్పిన జామ్‌చంద్, 2 లక్షల వరహాలు, బేరం, ఇవన్నీ ఆ వాంగ్మూలంలోవే. బానిస, గాయం, కెప్టెన్ అన్నది మాత్రం ఊరి కథ. దానికి పేరు లేదు, తేదీ లేదు, చూసినవాడు లేడు.

అయితే ఇక్కడ ఇంకో పక్క కూడా చూడాలి. "అంటే పిట్ నీట్‌గా కొన్నాడన్నమాట" అని అనేసుకోకండి. ఆ కొనుగోలు గురించి మనకి ఉన్న ముఖ్యమైన లాగ్ ఫైల్ రాసింది ఎవరు? అనుమానం ఎవరి మీద ఉందో ఆయనే. పెద్ద రాళ్లు దొరికితే రాజుకే చెందాలని గోల్కొండలో రూలు. 410 క్యారెట్ల రాయి మార్కెట్లో ఒక వ్యాపారి జేబులోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న అక్కడే ఉంది. అమ్మేది ఒక వ్యాపారి, కొనేది ఆ ఊరి గవర్నర్, ఆయన కంపెనీ తరఫున కూడా కాదు, సొంతానికి కొంటున్నాడు. 2 లక్షలు అడిగినవాడు 48 వేలకి ఎందుకు దిగాడో జామ్‌చంద్ వైపు నుంచి ఒక్క ముక్క లేదు. దొంగతనం అనడానికి ఋజువు లేదు. సమానుల మధ్య బేరం అనడానికి కూడా లేదు. నేను ఈ మధ్యలోనే ఆగుతున్నా, కామెంట్లలో మీరు ఎటు లాగినా సరే.

నన్ను ఎక్కువ ఆపింది ఇంకో లెక్క. ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియే పదిహేడో శతాబ్దంలో కొల్లూరు వచ్చి చూసి, అక్కడ మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కలిపి దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. దక్కన్‌లోనే ఇంకో గని గురించి రాస్తూ, పని బాగా తెలిసిన కూలివాడికి కూడా ఏడాదికి మూడు పగోడాలే వస్తాయన్నాడు. మూడు వరహాలు. ఆ రేటు పెట్టుకుని చూస్తే 48,000 వరహాలంటే 16,000 మంది ఏడాది కూలి. అదీ బేరమాడి దించిన రేటు. ఆ రాయిని మట్టిలోంచి తీసినవాడి పేరు బెర్గెన్ వాంగ్మూలంలో లేదు, ఎక్కడా లేదు. కాలు కోసుకున్న బానిస కథ జనంలో ఎందుకు నిలబడిందో నాకు ఇక్కడ అర్థమైంది. మొత్తం వ్యవహారంలో ఆ మనిషి కనిపించే చోటు ఆ కట్టుకథ ఒక్కటే.

కొల్లూరు గని ఇప్పుడు చూడాలంటే కుదరదు. పల్నాడులో బెల్లంకొండ వైపు వెళ్తే పులిచింతల ప్రాజెక్టు వస్తుంది, గని ఉన్న ప్రాంతం ఆ రిజర్వాయర్ నీళ్ల కింద ఉంది. వేసవిలో నీళ్లు తగ్గితే పాత తవ్వకాల చోట్లు బయటపడతాయని అటువైపు వాళ్లు చెప్తుంటారు. ఇక్కడ ఓల్డ్ సారమ్‌లో ఖాళీ అయిన ఊరికి కంచె వేసి, గడ్డి కత్తిరించి, టికెట్ పెట్టారు.

పిట్ కుటుంబం తర్వాత ఏమైందో త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే ఇది మళ్లీ మన దగ్గరికే వస్తుంది. వజ్రం డబ్బు వచ్చాక ఆయన కార్న్‌వాల్‌లో బొకొనాక్ అనే పెద్ద ఎస్టేట్ కొన్నాడు, 54,000 పౌండ్లకి. బర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డ్ పార్క్ కొన్నాడు, 1726లో అక్కడే పోయాడు. మనవడు విలియం పిట్ 1735లో ఇదే ఓల్డ్ సారమ్ నుంచి ఎంపీ అయ్యాడు, తర్వాత ప్రధాని అయ్యాడు. తమాషా ఏంటంటే, ఈ మనవడే 1770లో ప్రభువుల సభలో నిలబడి ఆసియా డబ్బు వచ్చి మన రాజకీయాల్ని పాడుచేస్తోందని ఉపన్యాసం ఇచ్చాడు. తాత గుర్తు రాలేదేమో. ఆయన కొడుకు చిన్న పిట్, 24 ఏళ్లకే ప్రధాని. ఈస్టిండియా కంపెనీ మీద ప్రభుత్వ అజమాయిషీ పెట్టిన 1784 పిట్స్ ఇండియా యాక్ట్, గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు కంఠతా పట్టేది, అది ఈయనదే. 1788లో గుంటూరు సర్కారు నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చినప్పుడు లండన్‌లో ప్రధాని కూడా ఈయనే. గుంటూరు పక్క మట్టిలోంచి వచ్చిన రాయి అమ్మి పైకొచ్చిన ఇంటి మునిమనవడు.

ఇంకోటి. మనవడు పిట్ పేరే అమెరికాలో ఒక ఊరికి 1758లో పెట్టారు: పిట్స్‌బర్గ్. అమెరికాలో తొలితరం వేంకటేశ్వరస్వామి గుళ్లలో ఒకటి 1976లో అక్కడే వెలిసింది. మన పెద్దవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి వెళ్లే ఆ పిట్స్‌బర్గ్ పేరు వెనకాల ఈ ఇంటిపేరే ఉంది.

ఓల్డ్ సారమ్‌ని పిట్ వంశం 1802లో కేలెడన్ ప్రభువుకి 60,000 పౌండ్లకి అమ్మేసింది. భూమి మీద వచ్చే ఆదాయం చూస్తే ఆ రేటుకి అర్థమే లేదు, రేటంతా ఆ రెండు సీట్లది. కొన్న కేలెడన్ కుటుంబం కూడా ఇండియాలో సంపాదించి పైకొచ్చిందే.

ఇంగ్లండ్ పల్లెల్లో ఇలాంటివి ఇదొక్కటే కాదు. నేషనల్ ట్రస్ట్ అని అక్కడ ఒక పెద్ద ఛారిటీ ఉంది, 1895 నుంచి పాత బంగళాలు, తోటలు, సముద్రతీరాలు చూసుకుంటుంది. 2020లో వాళ్లే ఒక రిపోర్టు వేశారు, తమ దగ్గరున్న వాటిలో 93 చోట్లకి వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని. దాని మీద పెద్ద గొడవ అయింది. మా టీ తోటల్ని, గులాబీల్ని ప్రశాంతంగా చూడనివ్వరా అని కొంతమంది, ఇప్పటికైనా చెప్పారు అని కొంతమంది. నా మటుకు నాకు గులాబీలు చూడటానికి అభ్యంతరం లేదు. ఆ గోడ ఎవరి డబ్బుతో లేచిందో పక్కన రాసి ఉంటే టికెట్‌కి ఇంకొంచెం గిట్టుబాటు.

సరే, వెళ్లాలనుకునేవాళ్లకి ప్రాక్టికల్ విషయాలు. లండన్ వాటర్లూ నుంచి సాల్స్‌బరీకి ట్రైన్ గంటన్నర. అక్కడి నుంచి ఓల్డ్ సారమ్‌కి బస్సు ఉంది, ఆదివారాలు తక్కువ తిరుగుతాయి, టైమ్ ముందే చూసుకోండి. నేనైతే నడవమంటాను. ఏవన్ నది పక్కనుంచి వెళ్తే ముప్పావుగంట. దారిలో స్ట్రాట్‌ఫర్డ్ సబ్ కాసిల్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడి చర్చి టవర్‌ని 1711లో కట్టించింది థామస్ పిట్టే, పైకి చూస్తే ఆయన పేరు రాతిలో కనిపిస్తుంది. మన గుళ్లో ఫ్యాన్ రెక్కల మీద దాత పేరు ఉంటుంది చూడండి, అదే పద్ధతి.

పొలాల మధ్య నడిచేటప్పుడు స్తంభం మీద పసుపు బాణం గుర్తు ఉంటే అది నడక దారి, ప్రైవేటు పొలం అయినా సరే మీకు వెళ్లే హక్కు ఉంది. నీలం బాణం అయితే గుర్రాలు కూడా వస్తాయి. గేటు తీస్తే వెనకాల వేసేయాలి, గొర్రెలుంటాయి. ఈ ఒక్క విషయంలో అక్కడి రైతుకీ మన రైతుకీ తేడా లేదు, గేటు తెరిచి వదిలేస్తే తిట్లే.

ఓల్డ్ సారమ్‌ని చూసుకునేది ఇంగ్లిష్ హెరిటేజ్, స్టోన్‌హెంజ్ కూడా వాళ్లదే. నేషనల్ ట్రస్ట్ వేరు, వీళ్లు వేరు, ఒకరి కార్డు ఇంకొకరి దగ్గర చూపిస్తే ప్రతిచోటా పనిచేయదు. ఇక్కడ బయటి కట్ట, కేథడ్రల్ పునాదులు ఉచితం. మధ్యలో కోట లోపలికే టికెట్. ఇండియా నుంచి టూరిస్టుగా వచ్చేవాళ్లకి వీళ్ల ఓవర్సీస్ విజిటర్ పాస్ ఉంది, 9 రోజులది, 16 రోజులది. రెండు మూడు చోట్లకి మించి తిరిగితే అది లాభం, ఒక్క స్టోన్‌హెంజ్‌కే అయితే వద్దు. బడ్జెట్ బాగా టైట్ అయితే స్టోన్‌హెంజ్ రాళ్లని పక్కనున్న దారిలో కంచె ఇవతలి నుంచి ఫ్రీగా కూడా చూడొచ్చు. ఆ రాళ్లని కూడా 1915లో వేలంలో సెసిల్ చబ్ అనే ఆయన 6,600 పౌండ్లకి కొని, మూడేళ్ల తర్వాత దేశానికి ఇచ్చేశాడు.

కిందకి దిగాక కేథడ్రల్ వదలకండి. 1215 మాగ్నా కార్టా అసలు ప్రతులు ప్రపంచంలో నాలుగే మిగిలాయి, వాటిలో బాగా చెక్కుచెదరకుండా ఉన్నది ఇక్కడిదే. దాని దగ్గర ఫోటోలు తీయనివ్వరు. అక్కడే ముళ్లు, డయల్ ఏమీ లేని ఇనుప గడియారం ఒకటి ఉంది, 1386 నాటిదంటారు, ఇంకా తిరుగుతోంది. బొకొనాక్ ఎస్టేట్ మాత్రం ప్రైవేటు, తోట తెరిచే రోజులు కొన్నే, చూసుకోకుండా కార్న్‌వాల్ దాకా పోకండి. జాకెట్ తీసుకెళ్లండి, ఎండాకాలమైనా సరే, ఈ గాలి సంగతి విన్నారుగా.

ఆ పాత షార్ట్ గురించి. డిలీట్ చేద్దామనుకున్నా, తర్వాత మనసు మార్చుకున్నా. డిలీట్ చేస్తే ఆ కామెంట్ కూడా పోతుంది. టైటిల్‌లో "ఇందులో రెండు తప్పులున్నాయి" అని మార్చి, ఆ వ్యూయర్ కామెంట్‌ని పైన పిన్ చేసి, ఈ ఎపిసోడ్ లింక్ పెట్టాను. పరిటాలా కొల్లూరా అన్నదాని మీద మీ దగ్గర పాత పుస్తకమో, ఊళ్లో పెద్దవాళ్ల మాటో ఉంటే కామెంట్‌లో రాయండి, ఏ పుస్తకం, ఏ ఊరు అన్నది కూడా రాయండి. వచ్చే వారం పులిచింతల వెళ్తున్నా, నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయో చూసి చెప్తా. బై.